మాటలతో కట్టిన గుహ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కెంటకీ యను రాష్ట్రము గలదు. దాని మధ్యభాగమున నేల పైనుండి చూచినచో అడవులును, చిన్న చిన్న గుట్టలును తప్ప వింత యేమియు గానరాదు. కాని యా నేల క్రింద, సున్నపురాతి పొరలలో, లక్షల యేండ్లుగా నీరు తొలిచిన దారులు వలవలె అల్లుకొని యున్నవి. వానికి మామత్ గుహ యని పేరు. ఇంతవఱకు మనుష్యులు కొలిచి పటము గీసిన గుహలలో ప్రపంచమున కెల్ల నిదియే పొడవైనది. దారులన్నియు గలిపి 400 మైళ్లకు మించును. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను చూచి వచ్చిన విద్యార్థులకు నేల క్రింది చీకటి యెట్టిదో కొంత తెలిసియే యుండును. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, అనగా సుమారు రెండు మైళ్లు. ఈ లెక్కను బట్టి కెంటకీ గుహ యెంతటిదో యూహించుకొనవచ్చును.

అంతటి గుహను ఒక్కరు ఒక్కనాట కనుగొనలేదు. సాహసికులు కొందఱు సెలవు దినములలో, జీతము లేకయే, కొలత టేపు, దిక్సూచి, దీపము చేబూని లోపలికి దిగి, బోరగిలబడి ప్రాకుచు, ప్రాకిన ప్రతి మూరను కొలిచి పుస్తకమున వ్రాసికొనుచు వచ్చిరి. 1972 సెప్టెంబరు 9వ తేదీన అట్టివారు ఆరుగురు ఫ్లింట్ రిడ్జ్ అను గుట్ట క్రింది గుహలో బయలుదేఱి, ఱొమ్ములోతు చల్లని నీటిలో నడచి, తుదకు దీపపు వెలుగులో నొక యినుప కమ్మీని చూచిరి. అది యాత్రికులు పట్టుకొని నడచుటకై మామత్ గుహలో నమర్చిన కమ్మీ! అదివఱకు వేఱువేఱుగా నెన్నబడుచున్న రెండు గుహలును నాటితో నొక్కటియని తేలెను. ఆ యారుగురిలో పెట్రీషియా క్రౌథర్ ఒకతె. సన్నని దేహము గల యామె యంతకు ముందటి ప్రయాణమున నొక యిఱుకు సందులో దూరి, ముందునకు దారి గలదని కనిపెట్టియుండెను.

ఆమె భర్తయగు విల్ క్రౌథర్ కూడ గుహలలో తిరిగినవాడే. అతని యుద్యోగము మాత్రము కంప్యూటర్లతో. నేడు మనము ఇంటర్నెట్ అనుచున్న దానికి మూలమైన అర్పానెట్ అను వల 1969లో ప్రారంభమయ్యెను. అందు ఒక చోటి సందేశమును మఱియొక చోటికి చేరవేయు యంత్రములకు ప్రోగ్రాములు వ్రాసిన కొలదిమందిలో నతడొకడు. తీరికవేళలలో ఆ దంపతులు గుహల కొలతలను కంప్యూటరునకు ఎక్కించి, పటములు గీయించుచుండిరి.

1975 ప్రాంతమున ఆ కాపురము చెదరెను. దంపతులు విడిపోయిరి. వారికి ఇద్దఱు కుమార్తెలు. పిల్లలకు దూరమైన తండ్రి గుహలకును దూరమయ్యెను. ఆ దినములలో నతడు తన తీరికవేళలను వెచ్చించి యొక ప్రోగ్రాము వ్రాసెను. తాను కొలిచిన గుహను మాటలలో నిర్మించి, తన పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి యందు తిరుగులాడునట్లు చేయవలెనని యతని సంకల్పము. కంప్యూటరు తెలియనివారు కూడ బెదరక యాడగల యాటగా దానిని తీర్చెను. దానికి "అడ్వెంచర్", అనగా సాహసము, అని పేరు పెట్టెను. అతడు పనిచేసిన పీడీపీ-10 అను కంప్యూటరు ఆఱక్షరములకు మించిన పేరును గ్రహింపజాలదు. కావున యంత్రములో దాని పేరు "అడ్వెంట్" అని కుఱుచయై నిలిచెను!

ఈ యాటలో బొమ్మలు లేవు, రంగులు లేవు, శబ్దము లేదు. కంప్యూటరు మీరున్న చోటిని రెండు మూడు వాక్యములలో వర్ణించును. "నీవొక వాగు గట్టున నున్నావు. ఉత్తరమున చింతతోపు, తూర్పున పాడుబడిన మండపము" అని యున్నదనుకొనుడు. మీరు "తూర్పు" అని వ్రాసిన యెడల మండపము వర్ణింపబడును. అచ్చట దీపమున్నచో "తీసికొనుము, దీపము" అని రెండు మాటలు వ్రాయవలెను. అంతటితో దీపము మీ చేతిదగును. చదువరి కథలోనికి నడచిపోవుట యన్నమాట. కథ చెప్పువాడు ఒక వాక్యము పలికి, తరువాతి వాక్యమునకై వినువాని ముఖము చూచుచుండును.

ఇది యెట్లు పనిచేయునో తెలిసికొన్నచో, యీ వ్యాసంగము మనకు సాధ్యమా కాదా యను సందేహము తీఱును. క్రౌథర్ వ్రాసిన ప్రోగ్రాము ఫోర్ట్రాన్ అను భాషలో సుమారు 700 పంక్తులు. దానికి తోడు మఱి 700 పంక్తుల పట్టికలు. ఆ పట్టికలలో 66 గదుల వర్ణనలు, 193 మాటలు గలవు. ప్రతి గదికి ఒక అంకె. మూడవ గదిలో నుండి "ఉత్తరము" అన్నచో ఏడవ గదికి, "క్రిందికి" అన్నచో పదునొకండవ గదికి అని ఒక పట్టిక చెప్పును. ప్రతి వస్తువునకును ఒక అంకె. అది యిప్పుడు ఏ గదిలో నున్నదో, లేక ఆడెడివాని చేతిలో నున్నదో మఱియొక పట్టిక చెప్పును. యంత్రమునకు గుహ తెలియదు, దీపము తెలియదు, చీకటి తెలియదు. అంకెలను మార్చుట యొక్కటే దానికి తెలియును. చీకటి యంతయు చదువరి మనస్సులోనే కలదు.

గదులు కట్టుట సులభము. చిక్కులు కల్పించుటయే కష్టము. క్రౌథర్ కల్పించిన చిక్కు నొకదానిని చూడుడు. గుహలో నొక పెద్దసాలలో భయంకరమైన సర్పము దారికడ్డముగా పడియుండును. దానిని కొట్టి చంపవలెనని యందఱును ప్రయత్నింతురు, చావదు. అంతకు ముందే వేఱువేఱు గదులలో నొక చిన్ని పక్షి కలదు, ఒక పంజరము కలదు, ఒక నల్లని కఱ్ఱయు గలదు. పక్షిని పట్టబోయినచో బెదరి చేజిక్కదు. ఏలయన చేతిలో కఱ్ఱ యున్నది! కఱ్ఱను క్రింద పెట్టి పోయినచో పక్షి పంజరములోనికి వచ్చును. ఆ పక్షిని సర్పము నెదుట విడిచినచో, అంతటి సర్పమును ఆ చిన్నిపిట్ట తఱిమివేయును. ఇందలి సొగసు గమనింపుడు. బలముచే కాని పని యొకటి, చేతిలోనిది విడుచుటచే నగు పని యొకటి. పక్షి బెదరినదని యాట చెప్పును గాని, యెందులకు బెదరినదో చెప్పదు. ఎనిమిదేండ్ల పిల్లయైనను రెండు మూడు పర్యాయములు ప్రయత్నించి కారణమూహింపగలదు. ఊహించిన పిమ్మట ఆ యానందము తనదే.

మఱియొకచోట అన్ని గదులును ఒక్క రీతిగానే యుండును. ఎటు పోయినను అవే మాటలు. ఇట్టి చోట దారి తెలిసికొనుటెట్లు? చేతిలోని వస్తువులను ఒక్కొక్క గదిలో నొక్కొక్కటి విడిచి, గుర్తులు చేసికొనుచు పటము గీసికొనవలెను. ఒకచోట తాళపుచెవి, మఱియొకచోట పంజరము, వేఱొకచోట సీసా. నిజమైన గుహలో గుర్తులు పెట్టుకొనుచు నడచిన వాని బుద్ధి యిందులో గన్పట్టుచున్నది.

క్రౌథర్ ఆ యాటను అమ్మలేదు. పూర్తిగ ముగింపను కూడ లేదు. అతని యంత్రమున నుండి స్నేహితులు దానిని తీసికొనిరి; వల వెంట అది దూర దూరములకు పోయెను. 1976లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాన్ వుడ్స్ అను విద్యార్థి దానిని చూచెను. అందు దోషములు గలవు, అసంపూర్ణములు గలవు. కాని విడువరాని యాకర్షణ కూడ గలదు. దానిని పెంపొందింపవలెనని యతనికి కోరిక కలిగెను. వ్రాసినవాని పేరు క్రౌథర్ అని తెలిసెనే గాని యుండుచోటు తెలియలేదు. నాడు వలలో కంప్యూటర్ల సంఖ్య స్వల్పము. వుడ్స్ ఆ కంప్యూటర్లన్నిటికిని "క్రౌథర్" పేరిట ఒక్కొక్క లేఖ పంపెను! ఒకచోట నుండి ప్రత్యుత్తరము వచ్చెను. ప్రోగ్రామును మార్చుటకు క్రౌథర్ సమ్మతించి, తన వ్రాతను పంపెను. ఇంత పెద్దమనసుతో తన పనిని అపరిచితుని చేతిలో పెట్టినవారు అప్పుడును అరుదే, ఇప్పుడును అరుదే.

వుడ్స్ 1977లో దానిని విస్తరించి, నిధుల సంఖ్యను పదునైదునకు పెంచి, 350 మార్కుల లెక్క, నిధులను అపహరించు దొంగ, మెల్లమెల్లగ క్షీణించు దీపము మొదలగునవి చేర్చెను. కెంటకీలో లేని అగ్నిపర్వతమును గూడ నొకదానిని చేర్చెను. నేడు లోకమున కెక్కువగ తెలిసినది ఈ రూపమే.

ఆ గుహ యెంత నిజముగ కట్టబడెనో తెలుపు నుదంతము నొక గుహాపరిశోధకుడు చెప్పియున్నాడు. మామత్ గుహలో బెడ్‌క్విల్ట్ అను భాగము గలదు. ఆటలోని గుహ అదియే. అచ్చటికి కొలతల కొఱకు పోయిన బృందములో నొక యువతి యుండెను. ఆమె యెన్నడును అందు అడుగు పెట్టినది కాదు, కాని యాటను క్షుణ్ణముగ నాడియుండెను. లోపలికి పోయినది మొదలు ఆమె ప్రతి మలుపును గుర్తుపట్టుచు, రాబోవునది యేదో ముందుగనే చెప్పుచుండెను. పని ముగిసిన పిమ్మట బృందమును వెలుపలికి నడిపించునది ఆమెయే! ఒక్క తప్పటడుగైన లేక యందఱను వెలికి తెచ్చెను. అనుభవజ్ఞులే దారి తప్పు గుహ యది.

ఈ యాటను చూచి వ్యాపారస్థులు మేల్కొనిరి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కొందఱు యువకులు "జోర్క్" అను నాటను చేసి, 1979లో ఇన్ఫోకామ్ అను సంస్థ స్థాపనలో పాల్గొనిరి. 1980లో రోబర్టా విలియమ్స్ అను గృహిణి భర్త సాయముతో బొమ్మలు గల సాహసపు టాటను చేసి విక్రయించెను. పది సంవత్సరములు ఈ వ్యాపారము వర్ధిల్లెను. పిమ్మట రంగుల బొమ్మలు, వేగపు టాటలు విరివియై, మాటలతో నడచు నాట కొనువారు తగ్గిపోయిరి. 1989లో ఇన్ఫోకామ్ కార్యాలయము మూతపడెను. కొనువారు లేని వస్తువు అంగడిలో నిలువదు. ఆ యాట నాటితో నంతరింపవలసినదే.

కాని యంతరింపలేదు. తీరికవేళల మనుష్యులు దానిని మఱల చేతికెత్తుకొనిరి. ఇందులకు పరికరములు కొన్ని యప్పటికే కలవు. 1983లోనే బ్రిటనులో గ్రేమ్ యాండిల్ అను నతడు "క్విల్" అను ప్రోగ్రామును చేసెను. క్విల్ అనగా ఈకకలము. ప్రోగ్రాములు వ్రాయుట తెలియనివారు సైతము గదులు, వస్తువులు, మాటలు పట్టికలలో నింపి, యింటిలోని చిన్న కంప్యూటరుపై ఆట తయారు చేసికొనుటకు అది యుపకరించెను. ఇన్ఫోకామ్ వారి యాటలు ఏ రహస్యలిపిలో నిమిడియున్నవో కొందఱు ఉత్సాహవంతులు ఓపికతో విప్పి తెలిసికొనిరి. 1993లో గ్రాహం నెల్సన్ అను నాంగ్లేయ గణితవేత్త అదే లిపిలో క్రొత్త యాటలు వ్రాయుటకు "ఇన్‌ఫార్మ్" అను పరికరమును నిర్మించి, యెల్లరకు ఉచితముగ నిచ్చెను. 1995లో ఇట్టి యాటలకు వార్షిక పోటీ యొకటి మొదలయ్యెను. అది నేటికిని జరుగుచున్నది. న్యాయనిర్ణేతలు పోటీలో పాల్గొనని ఆటప్రియులే. ఒక్కొక్క యాటను మొదటి రెండు గంటలలో చూచినదానిని బట్టియే తీర్పు చెప్పవలెనని నియమము. అందువలన పొట్టి కథవంటి చిన్న ఆటలు వృద్ధి పొందెను. బొమ్మల సాహసములను ఇష్టపడువారికి క్రిస్ జోన్స్ అను బ్రిటిషు యువకుడు 1997లో మఱియొక పరికరమును చేసిపెట్టెను. బొమ్మలు గీయుటలో నేర్పున్నవారు దానిని ఉపయోగించుచున్నారు గాని, అందు శ్రమ పదింతలు. ఒక మనుష్యుడు నడచు బొమ్మకే యెన్నియో చిత్రములు కావలెను.

నెల్సన్ చేసిన మఱియొక మేలును నేను పరికరముకంటె గొప్పదిగ నెన్నుదును. ఆట ఆడెడివానికి గల హక్కులను అతడు పదునేడింటిని వ్రాసిపెట్టెను. హెచ్చరిక లేకుండ నతనిని చంపరాదు. ఒకసారి చచ్చి చూచిన గాని తెలియని సంగతిపై చిక్కును కట్టరాదు. అదృష్టముపై నెక్కువగ నాధారపడునట్లు చేయరాదు. "తెఱువుము" అన్నను, "తీయుము" అన్నను తలుపు తెఱచుకొనవలెను గాని, రచయిత మనసులోని ఒక్క మాట కొఱకే ఆడెడివానిని వెదకాడింపరాదు. చిక్కు విడిన తరువాతనైన నది యెట్లు విడినదో అతనికి బోధపడవలెను. పక్షియు కఱ్ఱయు గల చిక్కును ఈ హక్కులతో సరిపోల్చి చూడుడు. తండ్రి తన పిల్లల కొఱకు వ్రాసినందున, హక్కుల జాబితా పుట్టుటకు ముందే యతడు దానిని చాలవఱకు పాటించెను.

ఆ హక్కులలో నొకటి నవ్వు పుట్టించును: ఆడెడివాడు అమెరికావాడు కావలసిన యవసరము ఉండరాదట! ఒక ప్రసిద్ధమైన ఆటలో బేస్‌బాల్ క్రీడాస్థలము తెలిసినవానికి తప్ప అన్యులకు తెగని చిక్కు గలదు. ఇతర దేశములవారు దానితో విసిగి వేసారిరి.

తెలుగులో ఇట్టి యాట వ్రాయదలచినవారికి మన వ్యాకరణమే మొదటి చిక్కును కల్పించును. ఆంగ్లమున క్రియ ముందు, నామము వెనుక. మనకు "దీపము తీసికొనుము" అని నామమే ముందు. ఇది చిన్న మార్పు. అసలు కష్టము విభక్తులతో. ఆడెడివాడు "దీపమును" అనవచ్చును, "దీపాన్ని" అనవచ్చును, "దీపముతో" అనవచ్చును. వుడ్స్ రూపములో మాటలోని మొదటి యైదక్షరములను మాత్రమే చూచి తక్కినవి విడిచివేయు ఉపాయము గలదు. మన ప్రత్యయములు మాట చివర చేరునవే గావున, ఆ యుపాయము తెలుగునకు చక్కగ నొప్పును. "దీప" అను భాగమును చూచిన చాలును. ఐనను మీరు తరగతిలో చదివిన ఔపవిభక్తికములు ఇచ్చట పగ తీర్చుకొనును! ఇల్లు "ఇంటిని" యగును, నూయి "నూతిని" యగును, గోరు "గోటిని" యగును. మొదటి యక్షరములను బట్టి "నూయి" కొఱకు వెదకు యంత్రము "నూతిలోకి చూడుము" అన్నచో వెఱ్ఱిచూపులు చూచును. అట్టి మాటలకు రెండు రూపములను పట్టికలో చేర్చుటయే మార్గము. వ్యాకరణము పరీక్ష కొఱకు మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఈ శ్రమ వలదనువారికి 2009లో క్రిస్ క్లిమస్ చేసిన "ట్వైన్" గలదు. అందు ఆడెడివాడు మాటలు వ్రాయడు. రచయిత చూపిన వాక్యములలో నొకదానిని తాకును. అందు చేసిన యాట ఏ బ్రౌజరులోనైన తెఱచుకొను పుట వంటిది. తెలుగు లిపి యందు చక్కగ నిముడును. కాని తాకదగిన మాట ముందే కంటబడుట వలన, "కఱ్ఱను విడిచి చూతునా?" అని స్వయముగ తట్టుటలోని సంతోషము కొంత తగ్గును. రెండును ప్రయత్నించి చూడవలసినవే.

మొదలు పెట్టుటకు కంప్యూటరు కూడ నక్కఱలేదు. మీకు బాగుగ తెలిసిన చోటు నొకదానిని తీసికొనుడు: అమ్మమ్మగారి యిల్లు, ఊరి చెఱువు గట్టు, పాత కోట. పది అట్టముక్కలపై పది చోట్లను వర్ణించి, ప్రతి ముక్కపై నే దిక్కున కేది గలదో అంకె వేయుడు. ఒక తాళము, ఒక తాళపుచెవి, వానిని వేఱుచేయు నొక చిక్కు చాలును. పిమ్మట మిత్రుని చేత ఆడించి, మీరు కంప్యూటరు వలె జవాబు చెప్పుడు. అతడు చెప్పినదానికి మీ ముక్కలలో నున్న జవాబు తప్ప మఱియొక మాట పలుకరాదు, కనుసన్నయైన చేయరాదు. ఇది మిక్కిలి కష్టమైన నియమము. మీరెన్నడును తలపని పనిని అతడు చేయబోవును. చెఱువునకు తాళము వేయుమనును, తాళపుచెవిని తినుమనును. నవ్వక వ్రాసికొనుడు. ఆ సాయంకాలము దిద్దవలసిన దిద్దుబాట్లన్నియు నా కాగితముమీదనే యుండును.

క్రౌథర్ మొదట వ్రాసిన ప్రోగ్రాము మాత్రము చాలకాలము కనుపడలేదు. వుడ్స్ పెంచిన రూపమే యెల్లెడల వ్యాపించుటచే మొదటి ప్రతి పోయినదనియే యందఱును తలచిరి. క్రౌథర్ రూపము కేవలము గుహకు నకలు మాత్రమేననియు, మాయలు, వింతలు అన్నియు వుడ్స్ చేర్చినవేననియు పలువురు వ్రాసిరి. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో వుడ్స్ విద్యార్థిగా నున్ననాటి ఖాతాకు సంబంధించిన పాత నిలువప్రతులలో ఆ మొదటి వ్రాత బయటపడెను. డెన్నిస్ జెర్జ్ అను నాచార్యుడు దానిని శోధించి, ఆ వ్రాతను చేతబట్టుకొని స్వయముగ కెంటకీ గుహలోనికి దిగి, గదిగదికిని పోల్చి చూచి, 2007లో తన పరిశోధనను ప్రకటించెను. గుహముఖమున ఇనుప కటకటాలు గలవు. లోపలి దారులును వ్రాతలోని క్రమముననే గలవు. కాని యా వ్రాతలో మంత్రపు మాటలు కూడ గలవు, గొడ్డలి విసరు మరుగుజ్జులు గలరు, సర్పము గలదు. ఆ సర్పమును తఱిమిన చిన్నిపక్షియు గలదు. అవి యేవియు కొలతల పుస్తకములో లేవు. వానిని తండ్రియే తన పిల్లల కొఱకు గుహలో పెట్టెను.